మియాగి వారసుడెవరు? గోజూర్యూ కరాటే పాఠాంతరాలు

త్యాగరాజ కీర్తన ఒకటే. ఉమయాళ్‌పురం శిష్యులు పాడే తీరు వేరు, వాలాజాపేట వారిది వేరు, తిల్లైస్థానం వారిది వేరు. ఇందులో ఒకటే అసలుదని, మిగతావి తప్పని సంగీతం తెలిసినవాళ్లు అనరు. పాఠాంతరం అంటారు. కరాటేలో ఇలాంటి మాట స్థిరపడలేదు. అందుకే అక్కడ ప్రతి తేడా తగాదాగా మారుతుంది. గోజూర్యూలో ఈ తగాదా మరీ ఎక్కువ. శైలికి పేరు పెట్టిన గురువు ఒక్కరే, మియాగి చోజున్. ఆయన పోయి డెబ్బై ఏళ్లు దాటింది. ఈనాటికీ అరడజను పెద్ద సంస్థలు తమదే నేరైన వారసత్వమని చెబుతున్నాయి. వాటి వాదనలను దగ్గర పెట్టుకుని చూస్తే ఎవరూ అబద్ధం చెబుతున్నట్టు కనిపించదు. ఒకే మనిషి దగ్గర వేర్వేరు కాలాల్లో నేర్చుకున్నవాళ్లు తమకు అందినది చెబుతున్నారు, అంతే.

కథ మొదలయ్యేది ఒకినావాలోని నాహా రేవులో. అప్పటికి అది జపాన్‌లో భాగం కాదు, ర్యూక్యూ రాజ్యం. చైనా చక్రవర్తికి కప్పం పంపుతూ, ఆ పేరుతో ఫూజియన్ తీరంలోని ఫూజౌ నగరంతో వర్తకం చేసేది. నాహాను ఆనుకుని ఉన్న కుమేమురాలో చైనా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉండేవి. ఓడల మీద పట్టు, కాగితం, మందులు వచ్చినట్టే యుద్ధవిద్యలూ వచ్చాయి. 1879లో జపాన్ ఆ రాజ్యాన్ని కలిపేసుకుని ఒకినావా జిల్లాగా మార్చింది. గోజూర్యూకు మూలపురుషుడైన హిగాఒన్నా కన్‌ర్యో (1853–1915) ఈ మార్పుకు రెండు వైపులా బతికినవాడు. కెరామా దీవుల నుంచి నాహాకు పడవలో వంటచెరకు తెచ్చి అమ్మే కుటుంబం ఆయనది. మొదట అరగాకి సేషో దగ్గర నేర్చుకుని, 1870లలో ఫూజౌ వెళ్లి, అక్కడ ‘ర్యూ ర్యూ కో’ అనే గురువు దగ్గర ఏళ్ల తరబడి సాధన చేసి తిరిగొచ్చాడని సంప్రదాయం చెబుతుంది.

ఈ ర్యూ ర్యూ కో ఎవరన్నదే మొదటి చిక్కుముడి. ఫూజౌలో ‘కూసే కొంగ’ శైలిని స్థాపించిన షియే జోంగ్‌షియాంగే ఆయన అని చాలామంది నమ్ముతారు. కానీ షియే పుట్టింది 1852లో, హిగాఒన్నా కన్నా ఏడాది పెద్ద, అంతే. ఇరవై దాటిన యువకుడు తన ఈడువాడికి ఏళ్ల తరబడి శిష్యరికం చేయడం అసాధ్యమేమీ కాదు. కానీ సంప్రదాయం వర్ణించే పెద్దాయన బొమ్మకు అది సరిపోదు. ఇంకో లెక్క కూడా అడ్డం వస్తుంది. ఒకినావాలోనే ఉన్న ర్యూఏయిర్యూ అనే మరో శైలి వాళ్లు తమ మూలపురుషుడు నాకాయిమా నోరిసాతో 1819లో పుట్టాడని, పంతొమ్మిదేళ్ల వయసులో ఫూజౌ వెళ్లి ర్యూ ర్యూ కో దగ్గరే నేర్చుకున్నాడని చెబుతారు. ఆ లెక్కన 1838 నాటికే గురువుగా ఉన్న మనిషి 1852లో పుట్టడం కుదరదు. పేరు ఒకటైనా మనుషులు ఇద్దరై ఉండాలి, లేదా రెండు కథల్లో ఒకదాని తేదీలైనా జారి ఉండాలి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల కటాలో (ఒక్కరే ఒక క్రమంలో చేసే కదలికల వరుసను కటా అంటారు) స్వర్ణం గెలిచిన కియూనా ర్యోది ఈ ర్యూఏయిర్యూ శైలే. అంటే ఆ పాత చిక్కుముడి ఇవాళ్టి పోటీల మ్యాట్ దాకా సాగి వచ్చింది.

కటాలన్నీ హిగాఒన్నా చైనా నుంచి మూటగట్టి తెచ్చాడన్న నమ్మకానికి కూడా గట్టి ఎదురు సాక్ష్యం ఉంది. ర్యూక్యూ రాజు షో తాయ్ పట్టాభిషేకానికి 1866లో చైనా రాయబారి వచ్చాడు. ఆ సంబరాల్లో భాగంగా 1867లో రాజధాని షూరిలో కుమేమురా వాళ్లు చేసిన ప్రదర్శనల జాబితా నేటికీ మిగిలి ఉంది. అందులో అరగాకి చేసిన సేసాన్ ఉంది, తోమిమురా అనే మరొకరు చేసిన సూపారిన్‌పే ఉంది. అప్పటికి హిగాఒన్నా పద్నాలుగేళ్ల కుర్రాడు, ఇంకా ఓడ ఎక్కలేదు. కాబట్టి గోజూర్యూలో ఈనాడు అన్నిటికన్నా ఎత్తున కూర్చోబెట్టే రెండు కటాలు ఆయన ప్రయాణానికి ముందే నాహాలో ఉన్నాయి. ఆయన తెచ్చింది కొత్త కటాల మూట కాకపోవచ్చు. తెలిసిన కటాలకు ఒక కొత్త ఒళ్లు, ఊపిరినీ బిగింపునూ సాధన చేయించే సాంచిన్ అనే మూల కటాతో గట్టిపడిన ఒళ్లు తెచ్చాడని అనుకోవడమే సబబు.

హిగాఒన్నా నేర్పినది ఎంత అన్నది తేల్చడానికి ఇంకా మంచి కొలబద్ద ఆయన మరో శిష్యుడు క్యోదా జూహత్సు (1887–1968). క్యోదా, మియాగి ఇద్దరూ 1902 ప్రాంతంలో ఆయన దగ్గర చేరారు. క్యోదా తర్వాత గురువు పేరు మీదే తోఒన్‌ర్యూ అని శైలి పెట్టాడు. అందులో హిగాఒన్నా నుంచి వచ్చినవిగా చెప్పే కటాలు నాలుగే. అవి సాంచిన్, సేసాన్, సాన్సేరు, పెచూరిన్ (ఇది సూపారిన్‌పేకి మరో పేరు). సైఫా, సేయూంచిన్, షిసోచిన్, సేపాయ్, కురురున్‌ఫా అందులో లేవు. మరి ఆ ఐదూ గోజూర్యూలోకి ఎక్కడి నుంచి వచ్చాయి? గురువు ఒక్కో శిష్యుడికి ఒక్కోటి నేర్పి ఉండవచ్చు. మియాగి నాహాలోని ఇతర పెద్దల దగ్గర సేకరించి ఉండవచ్చు. గురువు చనిపోయిన 1915లోనే మియాగి కూడా ఫూజౌ వెళ్లాడు, అక్కడ దొరికి ఉండవచ్చు. తోఒన్‌ర్యూ సాన్సేరు, గోజూర్యూ సాన్సేరు పక్కపక్కన చూస్తే పేరు తప్ప కలిసేది తక్కువ. ఇద్దరు గురుభాయిల మధ్యే ఇంత దూరం ఉన్నప్పుడు మూడో తరం నాలుగో తరం సంఘాలు ఒకరి కటాను ఒకరు తప్పుపట్టుకోవడంలో అర్థం లేదు.

పేర్ల సంగతి ఒక మాట. సేసాన్ అంటే పదమూడు, సేపాయ్ పద్దెనిమిది, సాన్సేరు ముప్పై ఆరు, సూపారిన్‌పే నూట ఎనిమిది. ఇవి జపనీస్ ఉచ్చారణలు కావు, ఫూజియన్ ప్రాంతపు లెక్కల మాటలు. 1897లో ఫూజౌ వెళ్లిన ఉయేచి కన్‌బున్ తెచ్చిన ఉయేచిర్యూలోనూ సాంచిన్, సేసాన్, సాన్సేరు ఉన్నాయి. అక్కడ సాంచిన్ తెరిచిన అరచేతులతో చేస్తారు, గోజూర్యూలో మూసిన పిడికిలితో.

మియాగి చోజున్ (1888–1953) నాహాలో కలిగిన ఇంట పుట్టాడు. సంపాదన కోసం కష్టపడాల్సిన అవసరం లేక జీవితమంతా విద్యకే పెట్టగలిగాడు. గురువు దగ్గర పొందినదాన్ని అలాగే దాచిపెట్టే మనస్తత్వం కాదు ఆయనది. శరీరాన్ని సిద్ధం చేసే వ్యాయామాలను ఒక క్రమంలో పెట్టాడు. 1921 ప్రాంతంలో తెన్‌షో కటాను కూర్చాడు. ఇది సాంచిన్ నడకకే చేతుల మెత్తని కదలికలు కలిపినది. దాని వెనక ఫూజౌ నుంచి వచ్చి నాహాలో టీ వ్యాపారం చేసిన గో కెన్‌కి తెల్లకొంగ శైలి ప్రభావం ఉందని అంటారు. 1934లో హవాయిలోని ఒకినావా వలసదారుల పత్రిక పిలుపు మీద అక్కడికి వెళ్లి నెలల తరబడి నేర్పాడు. కొంగోకెన్ అనే బరువైన ఇనుప అండాకారపు చట్రం ఆ ప్రయాణం తర్వాతే సాధనలోకి వచ్చింది. 1940లో బడిపిల్లలకూ కొత్తవాళ్లకూ అందేలా గెకిసాయ్ ఒకటి, రెండు కటాలు రాశాడు. ఇవాళ గోజూర్యూ పిల్లలు మొదట నేర్చుకునే ‘పాత’ కటా నిజానికి మియాగి ఇచ్చిన కటాలన్నిటికన్నా కొత్తది.

శైలికి పేరు వచ్చిన తీరూ ఇలాంటిదే. 1930లో టోక్యోలోని మేయిజీ మందిరంలో జరిగిన యుద్ధవిద్యల ప్రదర్శనలో మియాగి పెద్ద శిష్యుడు షింజాతో జిన్‌అన్ పాల్గొన్నాడు. మీది ఏ శైలి అని అడిగితే చెప్పడానికి పేరు లేదు, అప్పటిదాకా నాహా చేతివిద్య అనేవారు, అంతే. అప్పటికప్పుడు ఏదో ఒక పేరు చెప్పి తిరిగొచ్చి గురువుకు విన్నవించాడు. మియాగి ‘బుబిషి’ అనే పాత చైనా గ్రంథంలోని ఎనిమిది వాక్యాల్లోంచి రెండు మాటలు తీసుకున్నాడు. గో అంటే గట్టిది, జూ అంటే మెత్తనిది. లోపలికి మింగడం, బయటికి ఉమ్మడం, గట్టిదనం, మెత్తదనం కలిసిందే పద్ధతి అని ఆ వాక్యం భావం. అది ఊపిరి గురించిన వాక్యం. ‘గట్టి దెబ్బ, మెత్తని కాపు’ అని చాలాచోట్ల చెప్పే అర్థం తర్వాత అతికించినది. 1933లో ఈ పేరుతోనే శైలిని జపాన్ యుద్ధవిద్యల కేంద్ర సంస్థ బుతోకుకాయ్‌లో నమోదు చేశారు.

షింజాతోయే వారసుడవుతాడని అందరూ అనుకున్నారు. 1945 ఒకినావా యుద్ధంలో ఆయన చనిపోయాడు. అదే యుద్ధంలో మియాగి తన సొంత బిడ్డల్లో ముగ్గురిని పోగొట్టుకున్నాడు. నాహా నేలమట్టమైంది. గోజూర్యూ చరిత్ర అక్కడ రెండుగా చీలింది. యుద్ధానికి ముందు నేర్చుకున్నవాళ్లు, తర్వాత నేర్చుకున్నవాళ్లు. ముందువాళ్లు చూసింది నడివయసులో ఉన్న, ప్రయోగాలు చేస్తున్న మియాగిని. తర్వాతివాళ్లు చూసింది త్సుబోయాలో ఇంటి పెరటిలో నేర్పుతున్న, అరవై ఏళ్ల, బిడ్డల్ని పోగొట్టుకున్న మియాగిని. సాంచిన్ అందరికీ నేర్పి, ఆ తర్వాత ఒంటికి తగ్గ ఒకటో రెండో కటాలు మాత్రమే ఇచ్చేవాడని శిష్యులు చెబుతూ వచ్చారు. పూర్తి సెట్టు ఎవరి దగ్గరైనా ఉందంటే అందులో కొంత తోటివాళ్ల దగ్గర నేర్చుకున్నదే అయ్యుంటుంది.

1953 అక్టోబర్ 8న ఆయన కన్నుమూశాడు. ఫలానా వాడు నా తర్వాత అని ఎక్కడా రాసిపెట్టలేదు. మరి ప్రతి శాఖా చూపించే ఆధారం ఏమిటి?

హిగా సేకో (1898–1966) ముందు హిగాఒన్నా దగ్గరే చేరి, తర్వాత మియాగి శిష్యుడయ్యాడు. గురువు బతికుండగానే 1931లో సొంత దోజో (సాధనశాల) పెట్టుకోవడానికి అనుమతి పొందింది ఆయనేనని ఆ శాఖ చెబుతుంది. యాగి మేయితోకు (1912–2003) 1926లో పద్నాలుగేళ్లప్పుడు చేరాడు. 1963లో మియాగి కుటుంబం గురువు కట్టుకున్న దుస్తులు, బెల్టు ఆయనకు ఇచ్చింది. మేయిబుకాన్ శాఖకు అదే ఆధారం. మియాజాతో ఎయిచి (1922–1999) 1938లో చేరాడు. పోలీసు, జూడోలోనూ దిట్ట, యుద్ధం తర్వాత పోలీసు శిక్షణలో గురువుకు సహాయకుడు. పెరటి దోజోలోని సామాను మొత్తం కుటుంబం ఆయనకే అప్పగించింది. 1954లో తోటి శిష్యుల సమావేశం ఆయన్నే ఎన్నుకుందని ఆయన శాఖ జుండోకాన్ అంటుంది. 1957లో అసాతోలో ఆయన కట్టిన జుండోకాన్ దోజోలో ఆ సామానుతోనే సాధన సాగింది. మియాగి అన్‌ఇచి (1931–2009) గురువుకు బంధువు కాదు, ఇంటిపేరు ఒకటే. 1948లో చేరి చివరి అయిదేళ్లు గురువు పక్కనే ఉన్నాడు. హిగాఒన్నా మోరియో (పైన చెప్పిన కన్‌ర్యో వేరు, ఈయన వేరు) జుండోకాన్‌లో సాధన చేసినా తనకు నిజంగా నేర్పింది అన్‌ఇచేనని చెబుతారు, జుండోకాన్ పక్షం అది ఒప్పుకోదు. 1979లో ఆయన స్థాపించిన అంతర్జాతీయ సమాఖ్య ద్వారానే ఒకినావా పద్ధతి గోజూర్యూ ఎక్కువ దేశాలకు చేరింది.

అనుమతి ఒకరికి, దుస్తులు ఒకరికి, సామాను ఒకరికి, చివరి ఏళ్లు ఒకరికి. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఇల్లు ఒకరికి, పొలం ఒకరికి, పూజగది ఒకరికి వచ్చినట్టే ఉంది ఇది. ఏ ఒక్క ఆధారమూ మిగతావాటిని కొట్టేయదు.

ఒక సంగతి మాత్రం కచ్చితంగా పట్టుకోవాలి. మియాగి ఎవరికీ డాన్ పట్టా ఇవ్వలేదు. బ్లాక్ బెల్ట్ మెట్ల పద్ధతి ఒకినావాలో ఊపందుకుంది ఆయన పోయాక 1950లలో. కాబట్టి ఎవరి వంశవృక్షంలోనైనా ‘మియాగి చేతుల మీదుగా ఇన్నో డాన్’ అని కనిపిస్తే ఆ గీత దగ్గరే ఆగి ప్రశ్నించాలి.

జపాన్ ప్రధాన ద్వీపాల్లో దారి మరోలా నడిచింది. యమగుచి గోగెన్ (1909–1989) క్యోతోలోని రిత్సుమేయికాన్ విశ్వవిద్యాలయంలో ఉండగా 1930ల మొదట్లో మియాగిని కలిశాడు. ఒకినావాలో కటా, దగ్గరి పట్టు, ఒంటి తయారీ ముఖ్యం. విశ్వవిద్యాలయ కుర్రాళ్లకు ఎదురుబొదురు పోరు కావాలి. గోజూకాయ్ పేరుతో ఆయన పెంచిన శాఖలో స్వేచ్ఛా కుమితే (ఎదురుబొదురు పోరు) పెరిగింది, అడుగులు పొడవయ్యాయి, తాయ్‌క్యోకు అనే సులువైన ప్రాథమిక కటాలు చేరాయి. ఈ వర్గంలో గోజూర్యూ నేర్చుకున్న ఒయామా మసుతత్సు తర్వాత క్యోకుషిన్ స్థాపించాడు. అందుకే క్యోకుషిన్‌లో నేటికీ సాంచిన్, తెన్‌షో, గెకిసాయ్, సైఫా, సేయూంచిన్ చేస్తారు. మియాగి స్నేహితుడు మాబుని కెన్వా పెట్టిన షితోర్యూలోకీ ఈ కటాలు ప్రవహించాయి. మన దగ్గర టోర్నమెంట్లలో షితోర్యూ పిల్లలు సేపాయ్ చేస్తున్నారంటే ఆ పాయ కూడా నాహా నుంచి వచ్చినదే.

ఇంకో పాయ తెలుగువాళ్లకు సినిమా వార్తల ద్వారా పరిచయం. పవన్ కల్యాణ్‌కు చెన్నైలో కరాటే నేర్పిన షిహాన్ హుస్సేనీది ఇషిన్‌ర్యూ. ఆ శైలి స్థాపకుడు షిమాబుకు తత్సువో మియాగి దగ్గరా నేర్చుకున్నాడు. ఇషిన్‌ర్యూలోని సాంచిన్, సేయూంచిన్ అలా వచ్చినవే.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఒక బోర్డు మీద గోజూర్యూ అని ఉంటే అది ఏ పాయ అన్నది గోడ మీది సర్టిఫికెట్ల కన్నా కటాల జాబితా వేగంగా చెబుతుంది. పిల్లలు తాయ్‌క్యోకుతో మొదలుపెడితే యమగుచి ప్రభావం ఉన్నట్టు. గెకిసాయ్‌తో మొదలై సూపారిన్‌పే దాకా, సాంచిన్, తెన్‌షోతో కలిపి సరిగ్గా పన్నెండే ఉంటే జుండోకాన్ లేదా మోరియో వైపు. తెన్‌చి, సేయిర్యూ, బ్యాక్కో, గెన్‌బు వంటి పేర్లు వినిపిస్తే అవి యాగి కూర్చిన కటాలు, మేయిబుకాన్. గెకిహా, కాకుహా, ఇద్దరు కలిసి చేసే వరుసలు ఎక్కువగా ఉంటే తోగుచి సేకిచి (1917–1998) పెట్టిన షోరేయికాన్. మాస్టరును అడగాల్సిన ప్రశ్న ‘మీది ఎన్నో డాన్’ అని కాదు. మీకు సాంచిన్ ఎవరు దిద్దారు, ఆయనకు ఎవరు దిద్దారు, ఎన్నేళ్లు? మూడు మెట్లు పేర్లతో చెప్పగలిగితే ఆ పరంపర బతికుందని నమ్మవచ్చు. సమాధానం ఒక సంఘం పేరు దగ్గరే ఆగిపోతే, ఆ సంఘంలో సభ్యత్వం ఉందని మాత్రమే తెలిసినట్టు.

చివరికి అన్ని పాయలూ కలిసేదీ, విడిపోయేదీ సాంచిన్‌లోనే. పాదాలు భుజాల వెడల్పు. ముందు పాదం మడమ, వెనక పాదం వేళ్లు ఒకే అడ్డగీత మీద. ముందు పాదం కొనలు కొంచెం లోపలికి, వెనక పాదం నేరుగా. మోకాళ్లు సడలి వంగి, నడుము కింది ఎముక లోపలికి ముడుచుకుని ఉండాలి. మోచేయి పక్కటెముకలకు పిడికిలంత దూరం, పిడికిలి భుజం ఎత్తు. అడుగు నేల విడవకుండా అర్ధచంద్రాకారంలో జారాలి. మియాగి దిద్దిన చిన్న సాంచిన్‌లో వెనక్కి తిరగడం లేదు, ముందుకు వెళ్లి అలాగే వెనక్కి రావడమే. పెద్ద సాంచిన్‌లో తిరుగుళ్లు ఉన్నాయి. గోజూకాయ్ దోజోల్లో ఊపిరి బిగ్గరగా, గరగరమని వినిపిస్తుంది. ఒకినావా దోజోల్లో అంత చప్పుడు ఉండదు.

తప్పు జరిగేది సాధారణంగా రెండుచోట్ల. మొదటిది భుజాలు పైకి లేవడం. భుజం లేస్తే చంక కింది కండ వదులవుతుంది, అప్పుడు మోచేయి బయటికి పోతుంది, దెబ్బ చేతిలోంచే వస్తుంది తప్ప నడుములోంచి రాదు. రెండోది ప్రమాదకరమైనది, ఊపిరి బిగబట్టడం. ఒళ్లంతా బిగించి ఊపిరి కూడా ఆపితే రక్తపోటు ఒక్కసారిగా పైకి పోతుంది. బీపీ ఉన్నవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు పూర్తి బిగింపుతో సాంచిన్ చేయకూడదు. ముక్కుతో పీల్చడం, నోటితో వదలడం ఎక్కడా తెగకూడదు. గురువు భుజాల మీద అరచేతులతో కొట్టి, తొడలు నొక్కి, పిడికిళ్లు తోసి చూసే షిమే పరీక్ష ఉన్నది దీనికే. దెబ్బ పడ్డప్పుడు ఊపిరి తెగిందా లేదా అన్నదే గురువు వినాల్సింది. ఎంత గట్టిగా కొట్టారన్నది గొప్ప కాదు. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని గట్టిగా కొట్టే షిమే, ఎవరి పేరు చెప్పి చేసినా, తప్పే.

మియాజాతోకు అప్పగించిన సామానులాంటిది ఇక్కడే సొంతంగా చేసుకోవచ్చు. చీఇషి అంటే కర్ర పిడి చివర రాయి. కాంక్రీటుకు పట్టు దొరికేలా మూరెడు కర్ర అడుగు భాగానికి రెండు మేకులు అడ్డంగా కొట్టి, డబ్బాలో కాంక్రీటు పోసి, అందులో కర్ర నిలబెట్టి గడ్డకట్టనిస్తే చాలు. మొదలు 2 కిలోలు దాటకూడదు. 5 కిలోలతో మొదలుపెట్టి ఊపుతో తిప్పేవాళ్లకు మోచేయి నరాలు పట్టేస్తాయి, నెలల తరబడి తగ్గవు. వేళ్ల పట్టు పెంచే కుండలైన నిగిరిగామెకు అంచు ఉన్న రెండు మట్టి కుండలు సరిపోతాయి. అరచేయి తగలకుండా అయిదు వేళ్ల కొసలతో అంచు పట్టి, సాంచిన్ అడుగులతో గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవాలి. మొదటి నెల ఖాళీ కుండలే. తర్వాత వారానికి ఒక దోసెడు ఇసుక. ఏ వారం భుజాలు చెవుల వైపు లేవడం మొదలైతే ఆ వారం దోసెడు తీసేయాలి.